వానా చలీ లేని ఇంట్లో: గ్రీన్‌హౌస్ పురుగులను అదుపులో ఉంచే లెక్క

ఆరుబయట పొలంలో మొక్కకు పేనుబంక పట్టినప్పుడు ఒక్క జడివాన పడితే చాలావరకు కడుక్కుపోతుంది. అంటిపెట్టుకుని మిగిలినదాన్ని అక్షింతల పురుగులు ఏరుకు తింటాయి. వాటికీ దొరకనిది చలి రాగానే నెమ్మదిస్తుంది. గ్రీన్‌హౌస్ కప్పు వేయడమంటే ఈ మూడు కళ్లేలనూ ఒకేసారి తీసేయడమే. లోపల వాన పడదు, చలి తగలదు, పురుగును తినే పురుగుకు దారి ఉండదు. పైగా ఎరువు నీటితోపాటు అందుతూ ఉంటుంది కాబట్టి చిగురు ఎప్పుడూ లేతగా, రసం నిండి ఉంటుంది. పంటకు ఏది హాయో పురుగుకూ అదే హాయి. తలుపు సందులోంచి దూరిన నాలుగు తెల్లదోమలు రెండు నెలలు తిరిగేసరికి, ఆకు కదిపితే పిండి చల్లినట్టు లేచేన్ని అవుతాయి.

కాబట్టి ఏ పురుగుకు ఏ మందు అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు గ్రీన్‌హౌస్‌లో ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు. ఈ పురుగుకు గుడ్డు నుంచి గుడ్డుకు ఎన్ని రోజులు, ఇవాళ అది ఏ దశలో ఉంది, మొక్కమీద ఎక్కడ ఉంది అన్నవి ముందు తెలియాలి. తక్కిన నిర్ణయాలన్నీ ఆ మూడింటి మీదే నిలబడతాయి.

రోజుల లెక్క వేడితో మారుతుంది. రెండుచుక్కల ఎర్రనల్లి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి తల్లి కావడానికి రెండు వారాలు దాటుతుంది. 30 డిగ్రీల్లో ఆ పని వారం, ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. ఒక్కో తల్లి సుమారు 100 గుడ్లు పెడుతుంది. గ్రీన్‌హౌస్ అంతటా వేడి ఒకేలా ఉండదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. హీటర్ పక్కన, గాలి ఆడని చివరి వరసలో, కప్పుకు దగ్గరగా పెరిగిన కొసల్లో మిగతా చోట్లకంటే వేడి ఎక్కువ, తేమ తక్కువ. నల్లి మొదట కనిపించేది అక్కడే. మధ్య వరసలో నాలుగు మొక్కలు చూసి బాగుందనుకుంటే అప్పటికి మూలన నల్లి సాలెగూడు అల్లేసి ఉంటుంది.

పేనుబంక వేగం దీనికి వేరే రకం. వెచ్చటి గ్రీన్‌హౌస్‌లో దానికి మగపురుగుతో పనే లేదు. తల్లి గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లను కంటుంది. ఆ పుట్టబోయే పిల్ల కడుపులో దాని పిల్ల అప్పటికే పెరగడం మొదలై ఉంటుంది. పుట్టినది వారం పది రోజుల్లో తనూ కనడం మొదలుపెడుతుంది. మొక్క కిక్కిరిసిపోయాక రెక్కలున్నవి పుట్టి పక్క మొక్కలకు చేరతాయి. నత్రజని మోతాదు మించితే ఈ వేగం ఇంకా పెరుగుతుంది. ముదురాకుపచ్చగా విరగ్గాసిన చిగురు చూసి సంబరపడే ముందు, ఎరువు లెక్క ఒకసారి సరిచూసుకోవడం మేలు.

తెల్లదోమ నెమ్మది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మూడు, నాలుగు వారాలు తీసుకుంటుంది. కానీ దాని బతుకంతా ఆకు అడుగునే గడుస్తుంది, అదే దాని బలం. టమాటా మొక్కను పైనుంచి కిందకు చదివితే ఆ జీవితం మొత్తం వరసగా కనిపిస్తుంది. కొసన ఉన్న రెండు మూడు లేతాకుల అడుగున తెల్లటి దోమలు, వాటి మధ్య నిలబెట్టినట్టున్న సన్నటి గుడ్లు. మరి కాస్త కింద, ఆకుకు అతుక్కుపోయిన పొలుసుల్లాంటి పిల్లపురుగులు. గుడ్డు పగిలాక కొన్ని గంటలు నడిచి, ఒక చోట ముట్టె దించాక అవి ఇక కదలవు. ఇంకా కింద ముదురాకుల అడుగున, అంచు చుట్టూ మైనపు వెంట్రుకలతో కాస్త ఉబ్బిన తెల్లటి గూళ్లు, అంటే రెక్కలు రాబోయే ముందు దశ. దోమ ఎప్పుడూ లేతాకు మీదే గుడ్లు పెడుతుంది, మొక్క పైకి పెరుగుతూ పోతుంది, అందుకే వయసులు ఇలా అంతస్తులుగా పేరుకుంటాయి. ఇలా ఒక్క మొక్కను కొస నుంచి మొదలు దాకా పది రెట్లు చూపే భూతద్దంతో చూస్తే, మందు డబ్బాల మీది అక్షరాలన్నీ చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

మందు కొట్టిన మూడు రోజులు బాగుండి, వారం తిరిగేసరికి మళ్లీ దోమ లేస్తుందన్న మాట తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు అది బయటినుంచి మళ్లీ వచ్చినది కాదు. చాలా మందులు రెక్కల దోమనూ, చిన్న పిల్లపురుగునూ చంపుతాయి. గుడ్డుకూ గూటి దశకూ అవి అంటవు. మందు కొట్టిన రోజున గూటిలో ఉన్నది మూడో రోజు బయటికొస్తుంది. అందుకే మందు కొట్టాల్సి వస్తే ఒక్కసారి కొట్టి ఆపకూడదు. మిగిలిన గుడ్లు పగిలి పిల్లలయ్యే సమయం చూసుకుని, లేబుల్ అనుమతించినంతలో, మళ్లీ కొట్టాలి. ఆ ఎడం ఎన్ని రోజులన్నది లోపలి వేడి చెబుతుంది, క్యాలెండర్ చెప్పదు.

కనిపెట్టే పనికి జిగురు అట్టలు బాగా పనికొస్తాయి. పసుపు అట్టకు తెల్లదోమ, రెక్కల పేనుబంక, ఆకు తొలిచే ఈగ అంటుకుంటాయి. తామర పురుగుకు నీలం అట్ట మెరుగు. అట్టను మొక్క కొసకు కాస్త పైన కట్టి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. తలుపు దగ్గర ఒకటి, గాలి తీసుకునే కిటికీల దగ్గర ఒకటి తప్పకుండా ఉండాలి. వారానికోసారి లెక్కపెట్టి రాసుకుంటేనే దానికి విలువ. ఈ వారం 12 అన్నది ఒంటరిగా ఏమీ చెప్పదు, పోయిన వారం 3 అని పక్కన రాసి ఉంటే చెబుతుంది. అయితే అట్టను నమ్మి ఆకును వదిలేయడం పెద్ద పొరపాటు. నల్లికి రెక్కలు లేవు, పిండినల్లి ఆడదానికీ లేవు. ఆ రెండూ అట్టమీద ఎన్నడూ పడకుండానే పంటను పీల్చేయగలవు.

ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడు బంధువర్గానికి చెందింది. అందుకే చాలా పురుగుమందులు దానిమీద పనిచేయవు. అసలు చిక్కు ఇంతకంటే పెద్దది. ఆకుమీద సన్నటి తెల్లచుక్కలు చూసి సూక్ష్మపోషక లోపమనుకునో, తామర పురుగు అనుకునో పైరెత్రాయిడ్ వర్గపు రసాయన మందు కొడితే, అది నల్లిని వదిలేసి నల్లిని తినే పురుగులను చంపుతుంది. పది రోజుల్లో నల్లి ముందెన్నడూ లేనంతగా చెలరేగుతుంది. ఆకు తిప్పి చూడటానికి బద్ధకించినందుకు ఒక పంట మూల్యంగా పోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇక తామర పురుగు. గ్రీన్‌హౌస్ పురుగుల్లో అన్నిటికంటే మొండిది ఇదే. ఉత్తర అమెరికా పడమటి ప్రాంతానికి చెందిన ఫ్రాంక్లినియెల్లా ఆక్సిడెంటాలిస్ అనే రకం 1970ల చివరినుంచి మొక్కల వ్యాపారంతోపాటు ప్రపంచమంతా పాకింది. ఒంటి పొడవు మిల్లీమీటరు కాస్త దాటుతుంది, అంతే. తల్లి గుడ్డును ఆకు కణజాలం లోపలికి గుచ్చి పెడుతుంది, పైన పడే మందు దానికి చేరదు. పిల్లపురుగులు రెండు దశలు మొగ్గ మడతల్లో, పూరేకుల సందుల్లో గీరి తింటాయి. తర్వాతి రెండు దశలు ఏమీ తినకుండా ఎక్కువగా మట్టిలోనో, రాలిన ఆకుల కిందో గడుపుతాయి. అక్కడికీ మందు పోదు. పెద్దది మళ్లీ పూలలోకి చేరుతుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చుట్టంతా రెండు వారాల్లో పూర్తి. అంటే ఏ రోజు చూసినా గుంపులో సగానికి పైగా మందు తగలని చోటే దాక్కుని ఉంటుంది.

దీని అసలు హాని గీరడంతో ఆగదు. టమాటా, క్యాప్సికం, ఎన్నో పూల మొక్కలకు ప్రాణాంతకమైన టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్‌ను మోసుకొచ్చేది ఈ జాతి పురుగులే. ఇందులో ఒక విచిత్రం ఉంది. వైరస్‌ను ఒంటబట్టించుకోవడం పిల్లపురుగు దశలోనే జరుగుతుంది, దాన్ని పంచిపెట్టడం మాత్రం ఎక్కువగా రెక్కలొచ్చిన పెద్దది చేస్తుంది. జబ్బు మొక్కమీద పెద్ద పురుగు వచ్చి తిని పోయినంత మాత్రాన అది వైరస్ మోయదు. కాబట్టి జబ్బు పడిన మొక్క మీద, అంతే ముఖ్యంగా బెంచీల కింద పెరిగే కలుపు మీద, పిల్లపురుగులు పెరగనివ్వకపోతే గొలుసు తెగుతుంది. వలయాల మచ్చలు కనబడిన మొక్కను బతికించాలని చూడకుండా, అక్కడికక్కడే సంచిలో మూటకట్టి బయటికి తీయాలి. చేత్తో పట్టుకుని వరసల మధ్యగా నడిచి వెళ్తే పురుగును దారిపొడవునా దులుపుతూ పోయినట్టే.

తామర పురుగు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. తెల్లకాగితం పట్టుకుని దాని మీద పువ్వును రెండుమూడు సార్లు తట్టాలి. సన్నటి గీతల్లా పసుపుపచ్చ, గోధుమ రంగు పురుగులు కాగితం మీద పరుగెడతాయి. ఆకుమీద వెండిపూత పూసినట్టు మెరిసే మచ్చ, అందులో మిరియపు పొడి చల్లినట్టున్న నల్లటి రెట్ట చుక్కలు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

లోపలికి వచ్చే దారులు మూయడం గురించి అందరూ చెబుతారు, లెక్కలు మాత్రం తక్కువమంది చూస్తారు. పొగాకు తెల్లదోమను ఆపడానికి తెర రంధ్రం 0.46 మిల్లీమీటరుకు మించకూడదు. తామర పురుగును ఆపాలంటే 0.19 మిల్లీమీటరుకు దిగాలి. అంత సన్నటి తెర కట్టగానే గాలి ఆడటం బాగా తగ్గిపోయి లోపల వేడి పెరుగుతుంది, వేడితో నల్లి పెరుగుతుంది. అందుకే సన్న తెర కట్టేవారు తెర వైశాల్యాన్ని ముందుకు పెట్టెలా పొడిగించి పెంచాలి. ఉన్న కిటికీకే బిగించి ఊరుకుంటే ఒక పురుగును ఆపి మరోదాన్ని పిలిచినట్టవుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే కప్పు పొరలు కూడా ఉపయోగపడతాయి. తెల్లదోమ, తామర పురుగు ఆ కిరణాల ఆధారంగా దారి వెతుక్కుంటాయి కాబట్టి అవి లేని చోటికి రావడం తగ్గుతుంది.

కానీ తెర సందుల్లోంచి దూరేవాటికంటే నారు ట్రేలతో వచ్చేవే ఎక్కువ ప్రమాదం. కొత్త నారును వారం, రెండు వారాలు విడిగా ఉంచి, ఆకు తిప్పి చూశాకే ప్రధాన గదిలోకి తేవాలి. పనివాళ్ల బట్టలూ దారే. పసుపు రంగు చొక్కా వేసుకుని పురుగున్న గదిలోంచి నారు గదిలోకి వెళితే అది నడిచే జిగురు అట్టలాంటిది, కాకపోతే జిగురు లేదు కాబట్టి పురుగులు అక్కడ దిగిపోతాయి. రోజు పని శుభ్రంగా ఉన్న గదిలో మొదలుపెట్టి, పురుగు పట్టిన గదిలో ముగించాలి.

బయట వదిలేసిన మిత్రపురుగులను, అంటే పంట పురుగును చంపే పురుగులను, మళ్లీ లోపలికి తెచ్చే ఆలోచన కొత్తది కాదు. 1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా సాగుదారు తన మొక్కల మీది తెల్లదోమ గూళ్లలో కొన్ని నల్లబడి ఉండటం గమనించారు. అక్కడి చెషంట్ పరిశోధన కేంద్రంలో పనిచేసే కీటక శాస్త్రవేత్త స్పేయర్ వాటిని పరిశీలిస్తే, అవి ఎన్కార్సియా ఫార్మోసా అనే మిల్లీమీటరు కూడా లేని కందిరీగ పెరుగుతున్న గూళ్లని తేలింది. ఈ కందిరీగ తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలినుంచి తినుకుంటూ పెరిగి గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. ఆ కేంద్రం దాన్ని పెంచి సాగుదారులకు పంపింది, ఇతర దేశాలకూ వెళ్లింది. 1940ల్లో డీడీటీ వంటి మందులు రాగానే అందరూ దాన్ని మరిచిపోయారు. మందులను పురుగులు తట్టుకోవడం నేర్చాక, 1970ల్లో మళ్లీ దాన్నే వెతుక్కున్నారు. ఎర్రనల్లిని తినే ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే మంచి నల్లి కథ కూడా ఇలాంటిదే. 1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద అది కనబడింది. 1980ల చివర్లో టమాటా పరాగసంపర్కానికి బంబుల్ తేనెటీగల పెట్టెలు అమ్మకానికి వచ్చాక మార్పు ఇంకా గట్టిపడింది. విషం చల్లితే తేనెటీగ చస్తుంది, తేనెటీగ చస్తే కాయ పట్టదు. విషం తగ్గించుకోవడానికి అంతకంటే బలమైన కారణం ఏ సాగుదారుకు కావాలి?

మిత్రపురుగులను తెచ్చి వదిలి, పనిచేయలేదని నిరాశపడేవారు చాలామంది. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒకటి ఆలస్యం. ఆకు అడుగు తెల్లబడ్డాక కందిరీగను వదిలితే, తెల్లదోమ విసర్జించే తేనెలాంటి జిగురులో కందిరీగ కాళ్లు కూరుకుపోతాయి. అట్టమీద మొదటి దోమ పడకముందే, ప్రతి వారం కొద్దికొద్దిగా వదలాలి. రెండోది పాత విషం. పైరెత్రాయిడ్ మందు ఆకుల మీద, కప్పు మీద 8 నుంచి 12 వారాల దాకా మిత్రపురుగులకు హాని చేస్తూ ఉండగలదు, కొట్టినవారు మరిచిపోయినా సరే. మూడోది వాతావరణం. పెర్సిమిలిస్ గుడ్లు తేమ 60 శాతం కంటే తగ్గితే ఎండి ముడుచుకుపోతాయి. ఎన్కార్సియా 18 డిగ్రీల లోపు సరిగా ఎగరదు. నాలుగోది పంట. ఆంబ్లీసీయస్ స్విర్‌స్కీ అనే మంచి నల్లి క్యాప్సికం పుప్పొడి తిని నిలదొక్కుకుని తామర పురుగునూ తెల్లదోమ గుడ్లనూ తింటుంది. అదే టమాటా మీద వదిలితే కాండం మీది జిగురు నూగులో చిక్కి చస్తుంది. చీమలనూ చూసుకోవాలి. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాసి మిత్రపురుగులను తరిమేస్తాయి.

ఇంకో పొరపాటు మరీ బాధాకరం. టమాటాలో కింది ముదురాకులు కోసి బయట పారేయడం మామూలు పని. పైన చెప్పిన అంతస్తుల లెక్క ప్రకారం నల్లబడిన గూళ్లు, అంటే ఇంకా బయటికి రాని కందిరీగలు, ఉండేది ఆ కింది ఆకుల మీదే. శ్రమపడి పెంచిన సైన్యాన్ని కుప్పలో పారేసినట్టు. నల్లగూళ్లు ఎక్కువగా ఉన్న ఆకులను కోశాక కొన్ని రోజులు మొక్కల మొదళ్లలోనే ఉంచితే కందిరీగలు బయటికొచ్చేస్తాయి.

మందు అసలు వద్దని ఇందులో ఎక్కడా అర్థం లేదు. పురుగు చెలరేగిన మూలను ముందు సబ్బు ద్రావణంతోనో, వేప మందుతోనో తగ్గించి, ఆ తర్వాత మిత్రపురుగులను వదలడం తెలివైన పని. సబ్బు ద్రావణం తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఆరాక విషం మిగలదు. కాబట్టి ఆకు అడుగు పూర్తిగా తడవాలి, ఎండ వేళ కొట్టకూడదు. వేపలోని అజాడిరక్టిన్ పిల్లపురుగు కుబుసం విడవకుండా ఆపుతుంది, మరుసటి రోజే శవాలు కనబడలేదని కంగారుపడనక్కర్లేదు. పురుగులను చంపే బ్యువేరియా బాసియానా శిలీంద్రానికి తేమ కావాలి, శిలీంద్రనాశకంతో కలిపి కొడితే అదే చస్తుంది.

రసాయన మందుకు పురుగు అలవాటుపడటం గ్రీన్‌హౌస్‌లో బయటికంటే వేగం. దానికి గట్టి కారణం ఉంది. తెల్లదోమ, తామర పురుగు, ఎర్రనల్లి మూడింటిలోనూ ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి మగది పుడుతుంది. అంటే మగదానికి ప్రతి జన్యువూ ఒక్కటే ఉంటుంది. మందును తట్టుకునే గుణం ఆడదానిలో జంట జన్యువు చాటున బయటపడకుండా ఉండవచ్చు. మగదానిలో ఆ చాటు లేదు. గుణం ఉన్న మగవి బతుకుతాయి, లేనివి చస్తాయి, మిగిలినవే తర్వాతి తరానికి తండ్రులవుతాయి. పైగా మూసిన గదిలోకి మందు రుచి తెలియని పురుగులు బయటినుంచి వచ్చి కలవవు. అందుకే లేబుల్ మీది ఐఆర్ఏసీ గుంపు సంఖ్య, అంటే మందు పురుగును చంపే తీరును బట్టి ఇచ్చిన సంఖ్య, చూడాలి. డబ్బా పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. రెండు డబ్బాల మీదా 3ఎ అని ఉంటే పురుగుకు అవి రెండూ ఒకటే. ఒక తరమంతా ఒక గుంపు వాడి, తర్వాతి తరానికి వేరే గుంపుకు మారాలి. కోతకు ముందు ఆగాల్సిన రోజులు, లోపలికి మళ్లీ అడుగుపెట్టే వ్యవధి కూడా ఆ లేబుల్ మీదే ఉంటాయి. మూసిన గదిలో మందు ఆవిరి నిలిచి ఉంటుంది కాబట్టి ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

మిగతావి క్లుప్తంగా. పిండినల్లి మైనపు దూది కప్పుకుని కణుపుల్లో దాక్కుంటుంది, దాన్ని తినే క్రిప్టోలీమస్ పెంకుపురుగు పిల్ల కూడా అచ్చం అలాగే తెల్లగా ఉంటుంది, పొరబడి నలిపేయకూడదు. ఆకు తొలిచే ఈగ వంకర గీతలు చూడటానికి భయపెట్టినా, ముదురాకుల మీద కొన్ని గీతలకు దిగుబడి పడిపోదు. కుండీల చుట్టూ మూగే చిన్న నల్లదోమలు నీరు ఎక్కువైందని చెప్పే గుర్తు. మట్టిమీద బంగాళదుంప ముక్క పెట్టి రెండుమూడు రోజుల తర్వాత ఎత్తి చూస్తే నల్లతల పిల్లపురుగులు దాని కింద చేరి ఉంటాయి. మట్టి పై పొరను ఆరనిస్తే చాలావరకు తగ్గుతాయి.

పంట ముగింపును చాలామంది పట్టించుకోరు. చివరి కోత కాగానే పచ్చిమొక్కలను పీకితే, వాటి మీది దోమలన్నీ లేచి పక్క గదికి పోతాయి. ముందు మొక్కల మీదే పురుగును చంపి, అప్పుడు పీకి, సంచుల్లో కట్టి తీసేయాలి. బెంచీల కింద కలుపు, మూలన మరిచిపోయిన ఒక్క కుండీ, ఏదీ పచ్చగా మిగలకూడదు. ఆ తర్వాత వారం పది రోజులు కిటికీలు మూసి లోపలి వేడిని పెరగనివ్వాలి. మట్టిలో ఉన్న తామర పురుగులు ఆ వేడికి త్వరగా బయటికొచ్చి, తినడానికి ఏమీ దొరక్క చస్తాయి. ఖాళీ గదిలో రెండు నీలం అట్టలు కట్టి ఉంచితే అవి రావడం ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. కొత్త నారు ట్రేలను ఆ అట్టలు వరసగా కొన్ని రోజులు శుభ్రంగా ఉన్నాకే లోపలికి తేవాలి.